పాస్‌వర్డ్ డీలర్ దగ్గరే ఉంటే

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు వ్యాపారులు, చిన్న పరిశ్రమల వాళ్లు, ఆఫీసు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలనూ ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

నాకు ఇచ్చిన టాపిక్ చాలా పెద్దది. పని చేసే చోట కొత్త టెక్నాలజీ, దాంతో వచ్చే భద్రతా సమస్యలు. దీని మీద మూడు రోజులు మాట్లాడేవాళ్లు ఉన్నారు. నేను దాన్ని మన బరంపురం సైజుకి కుదించుకుంటాను. ఇక్కడ పెద్దబజారులో బట్టల కొట్లు ఉన్నవాళ్లు ఉన్నారు, పట్టుచీరలు నేయించి అమ్మేవాళ్లు ఉన్నారు, అప్పడాలు, పచ్చళ్లు ప్యాక్ చేసి పై ఊళ్లకు పంపేవాళ్లు ఉన్నారు. నర్సింగ్ హోముల్లో ఆఫీసు పని చూసేవాళ్లు, రైస్ మిల్లుల వాళ్లు, ఛత్రపురం నుంచి, పర్లాకిమిడి నుంచి వచ్చినవాళ్లు కూడా కనిపిస్తున్నారు. వ్యాపారాలు వేరు కానీ, ఈ మధ్య మీ అందరి గుమ్మంలోకీ వచ్చినవి మాత్రం ఒకటే. సీసీ కెమెరాలు, వేలిముద్రతో హాజరు మిషన్, క్లౌడ్‌లో నడిచే బిల్లింగు, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్. ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివి. వీటిని వద్దనడానికి నేను రాలేదు. వద్దన్నా మీరు వినరు, వినకపోవడమే మంచిది కూడా.

ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. కొత్త మిషన్ కొనేటప్పుడు మనం రేటెంత అని అడుగుతాం, వారంటీ ఎన్నేళ్లని అడుగుతాం, ఎప్పుడు బిగిస్తావని అడుగుతాం. దీని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందని అడిగిన యజమాని నాకు చాలా అరుదుగా తగిలాడు. ఇల్లు కట్టిన మేస్త్రి గృహప్రవేశం అయ్యాక కూడా ఒక తాళం చెవి నా దగ్గరే ఉంటుందంటే ఒప్పుకుంటామా? కెమెరాల విషయంలో, బిల్లింగు సాఫ్ట్‌వేర్ విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా అదే. పైగా అతను తీసుకోలేదు, మనమే ఇచ్చాం.

కెమెరాల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇవి లేని షాపు ఇప్పుడు లేదు. డీలర్ ఒక కుర్రాణ్ణి పంపుతాడు. అతను నిచ్చెన వేసి కెమెరాలు బిగిస్తాడు, వీడియోలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె పెడతాడు, మీ ఫోన్లో యాప్ వేసి చూపిస్తాడు. ఇంట్లో కూర్చుని షాపు చూసుకోవచ్చని మనకు సంబరం. ఆ యాప్‌లో ఖాతా ఎవరి ఫోన్ నంబరుతో తెరిచాడు? చాలాసార్లు తన నంబరుతోనే. మీకు తర్వాత 'షేర్' చేస్తాడు. అంటే అసలు యజమాని అతను, మీరు చూడ్డానికి అనుమతి ఉన్న మనిషి. డీవీఆర్‌కి ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డే ఉంటుంది, లేదా అతను బిగించిన అన్ని షాపుల్లోనూ ఒకటే పాస్‌వర్డ్ ఉంటుంది. వందమందికి వంద పాస్‌వర్డ్‌లు ఎక్కడ గుర్తుపెట్టుకుంటాడు పాపం.

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి 2016 అక్టోబరు 21 చాలు. ఆ రోజు అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ దాడికి వాడినవి పెద్ద కంప్యూటర్లేమీ కాదు. ఇళ్లలో, షాపుల్లో ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లు. మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి పట్టుకుని, అరవై చిల్లర జతలు అంతే, కనబడ్డ ప్రతి పరికరం మీదా ప్రయత్నించింది. అడ్మిన్, అడ్మిన్. రూట్, 12345. తలుపులు తెరుచుకున్నాయి. తయారుచేసింది ఎవరనుకున్నారు? కాలేజీ వయసు కుర్రాళ్లు.

అమెరికా సైట్లు ఆగితే మనకేంటి అనొచ్చు. సరే, మన దేశంలోదే చెప్తాను. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి ఆడవాళ్లను పరీక్షిస్తున్న వీడియోలు బయటికి పోయాయి. టెలిగ్రామ్‌లో డబ్బుకి అమ్మారు. నర్సింగ్ హోముల వాళ్లు ఈ సంగతి ఇంటికి వెళ్లాక కాసేపు ఆలోచించండి. ఆ గదిలో కెమెరా ఎందుకుంది అన్నది మొదటి ప్రశ్న. పాస్‌వర్డ్ ఏమిటన్నది రెండోది. నా లెక్కలో మొదటిదే పెద్దది. తీయని వీడియోని ఎవడూ దొంగిలించలేడు. బట్టల కొట్టువాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ట్రయల్ రూమ్ గుమ్మం వైపు, కార్డు పిన్ కొట్టే మిషన్ మీదికి, క్యాషియర్ కీబోర్డు మీదికి కెమెరా తిరిగి ఉంటే ఈ సాయంత్రమే తిప్పేయండి.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. కొత్తవి కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడగండి. కాని సర్టిఫికెట్ ఉన్న కెమెరాకి కూడా బిగించే కుర్రాడు 12345 పాస్‌వర్డ్ పెడితే ఎవరూ కాపాడలేరు. ఖాతా మీ నంబరుతో తెరవాలి. డీలర్ చూడాలంటే మీరు అతనికి షేర్ చేయాలి, పని అవగానే తీసేయాలి. కెమెరాలకు వేరే వైఫై, బిల్లింగు కంప్యూటర్‌కి వేరే వైఫై పెట్టించుకోండి. చాలా మామూలు రూటర్లలో కూడా 'గెస్ట్' అని రెండో వైఫై ఉంటుంది, అదనంగా ఖర్చు లేదు.

ఇప్పుడు వేలిముద్ర మిషన్. దీని మీద నాకు మొదటి నుంచీ కొంచెం అయిష్టం ఉంది, దాచుకోను. పదిమంది పనిచేసే చోట హాజరుకి వేలిముద్ర ఎందుకు? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే కొత్తది తీసుకుంటాం. వేలు మార్చుకోలేం కదా. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీదున్న వేలిముద్రలు చూసి నకలు తయారుచేశాడు. టార్గెట్ కోసం వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాతి కాలంలో ఇలాంటి నకలు ముద్రలతోనే ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా బ్యాంకు ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి. కాబట్టి మిషన్ పెట్టాలనే అనుకుంటే, ఆ ముద్రలు మిషన్‌లోనే ఉంటాయా, కంపెనీ సర్వర్‌కి పోతాయా, పని మానేసిన మనిషి ముద్ర ఎవరు తుడిచేస్తారు, ఈ ప్రశ్నలు డీలర్‌ని అడగండి. జవాబు రాకపోతే కార్డు మిషన్ తీసుకోండి. మీ సొంత ఆధార్ వేలిముద్రలు ఆధార్ వాళ్ల అధికారిక యాప్‌లో లాక్ చేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు.

ఇక మన సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. షాపు బరంపురంలో ఉంటుంది. లెక్కలు రాసే ఆయన ఆంధ్రా వైపు ఇచ్ఛాపురంలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు విశాఖపట్నం వాళ్లు, సర్వర్ ఎక్కడుందో వాళ్లకే తెలియాలి. కంప్యూటర్ పాడైతే చూసే కుర్రాడు భువనేశ్వర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, అక్కణ్ణుంచే ఎనీడెస్క్‌లో, అంటే దూరం నుంచి మన కంప్యూటర్ నడిపే యాప్‌లో, చూసిపెడుతుంటాడు. మంచివాడే. కాని లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉన్న కంప్యూటర్‌లో ఎనీడెస్క్ రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది, ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి రావడానికి ఒక పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. ఆ కుర్రాడి ఫోన్ పోతే? ఆ పాస్‌వర్డ్ అతను ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే?

మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ దెబ్బతింటే ఎంతమంది ఆగిపోతారో 2024 జులై చివర్లో చూశాం. సీ-ఎడ్జ్ అనే కంపెనీ చిన్న బ్యాంకులకు, అంటే సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. అక్కడ రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్, పడింది. జబ్బు మిగతావాళ్లకు పాకకుండా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆ కంపెనీని చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా విడదీసింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి. వాళ్లలో ఒక్కళ్లు కూడా తప్పు చేయలేదు. వాళ్ల బ్యాంకులూ నేరుగా దాడికి గురికాలేదు. అందుకే ఒక కాగితం మీద మీ సంస్థలోకి బయటినుంచి ఎవరెవరు రాగలరో రాసుకోండి. కెమెరా డీలర్, ట్యాలీ ఆయన, బిల్లింగు కంపెనీ, ఇంటర్నెట్ వాళ్లు, జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసు. ఎదురుగా ఎందుకు రావాలో రాయండి. రాయలేకపోయిన చోట దారి మూసేయండి. ఎనీడెస్క్ అవసరమైనప్పుడే తెరవాలి, మీ మనిషి అక్కడ కూర్చుని 'యాక్సెప్ట్' నొక్కాలి.

చాట్‌జీపీటీ సంగతి. 2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు తమ కంపెనీ రహస్య ప్రోగ్రాము కోడ్‌ని అందులో పెట్టి తప్పులు వెతకమన్నారు. ఒకరు మీటింగ్ సంభాషణని ఇచ్చి సారాంశం రాయమన్నారు. వాళ్లకు దురుద్దేశం ఏమీ లేదు, పని త్వరగా అవ్వాలి, అంతే. కంపెనీ కంగారుపడి ఆ మేలోనే అలాంటివి వాడకూడదని నిషేధించింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన సిబ్బందికి చెప్పింది.

మన దగ్గర జరిగేది ఇంకా మామూలుగా ఉంటుంది. నర్సింగ్ హోమ్‌లో అమ్మాయి డిశ్చార్జ్ సమ్మరీ మొత్తం అందులో పెట్టి, రోగి బంధువులకు అర్థమయ్యేలా ఒడియాలో రాయమంటుంది. మంచి పనే. నేనైతే ఆ అమ్మాయిని తిట్టను. ఆ కాగితంలో రోగి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, జబ్బు పేరు కలిసి ఉన్నాయి, అవి తీసేసి పెట్టమ్మా అంటాను. మీరు పూర్తిగా నిషేధిస్తే ఏమవుతుందో తెలుసా? ఆఫీసు కంప్యూటర్‌లో మానేసి సొంత ఫోన్‌లో చేస్తారు, మీకు తెలియకుండా. అప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. పేర్లు, నంబర్లు, బ్యాంకు వివరాలు, పార్టీల బాకీలు, జీతాల పట్టీ, ఇవి పెట్టకూడదు, మిగతావి వాడుకోండి అని గోడ మీద ఒక కాగితం అంటించండి. పని ఎక్కువగా ఉంటే సంస్థ పేరుతో డబ్బు కట్టి ఖాతా తీసుకోండి. మనమిచ్చే సమాచారంతో నేర్చుకోకుండా ఆపే సెట్టింగు అందులో ఎక్కడుందో చూడండి.

ఆ కాగితం ఏ భాషలో అంటించాలి? మన దగ్గర చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు చూస్తారు. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నోటీసు ఇంగ్లీషులో ఉంటే అది గోడకి అలంకారం. ఒడియాలో రాయండి, తెలుగు చదివేవాళ్లకు తెలుగులో రాయండి. ఇంకా మంచిది, నెలకోసారి పది నిమిషాలు కూర్చోబెట్టి నోటితో చెప్పండి.

ఇప్పుడు టెన్షన్ పెట్టే సంగతి. హాంకాంగ్‌లో 2024 మొదట్లో ఒక ఉద్యోగి వీడియో కాల్‌లో కూర్చున్నాడు. ఎదురుగా తన కంపెనీ ఆర్థికాధికారి, ఇంకా తెలిసిన ముఖాలు. డబ్బు పంపమన్నారు, పంపాడు. 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు. ఆ కాల్‌లో అతను తప్ప మిగతావాళ్లంతా కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలు. ఆ కంపెనీ పేరు అరూప్, ప్రపంచంలో పేరున్న ఇంజినీరింగ్ సంస్థ. అంత పెద్ద కంపెనీలో జరిగింది. మన షాపులో అకౌంటెంట్‌కి యజమాని గొంతుతో ఫోన్ వస్తే? "నేను మీటింగ్‌లో ఉన్నా, ఈ పార్టీకి వెంటనే ఆర్టీజీఎస్ కొట్టు." గొంతు నకలు చేయడానికి ఇప్పుడు కొద్దిపాటి రికార్డింగు చాలు. మన పెళ్లి వీడియోల్లో, వాట్సాప్ స్టేటస్‌ల్లో అది ఎలాగూ దొరుకుతుంది.

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక పద్ధతి చాలు. ఫలానా మొత్తం దాటితే అకౌంటెంట్ ఫోన్ పెట్టేసి, తన దగ్గరున్న పాత నంబరుకి తిరిగి చేసి అడగాలి. అలా అడిగినందుకు యజమాని విసుక్కోకూడదు. అసలు కిటుకు అక్కడే ఉంది. మన దగ్గర యజమానిని తిరిగి ప్రశ్నించే అలవాటు లేదు, మోసగాడికి ఆ భయమే పెట్టుబడి. "మీరేనా సార్?" అని అడిగిన అకౌంటెంట్‌ని పదిమంది ముందు మెచ్చుకోండి. పనిలోపని, పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు, ఆఫీసు ఫోన్లో ఎవరూ తెరవకూడదు. శుభలేఖ ఎప్పుడూ యాప్ రూపంలో రాదు.

బ్యాకప్ గురించి వేరే ఊళ్లో అయితే గంట చెప్పాలి. ఇక్కడ అక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ వచ్చింది. పుస్తకాలు తడిసినవాళ్లు, కంప్యూటర్ నీళ్లలో పోయినవాళ్లు మీలో ఉన్నారు. అప్పుడు లెక్కలు ఎవరికి మిగిలాయి? ఒక కాపీ వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు. వైరస్ దాడికి కూడా లెక్క అంతే. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి బయట. ఆ బయటి కాపీ కంప్యూటర్‌కి ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు. తగిలి ఉంటే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది. ఎప్పుడైనా ఒక ఆదివారం ఆ కాపీని తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌లు చాలా ఉన్నాయి లోకంలో.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాగే లాక్ అయ్యాయి. దేశంలో అంత పేరున్న ఆసుపత్రి దాదాపు రెండు వారాలు చేతిరాత మీద నడిచింది. అంతకుముందు 2017 మేలో వాన్నక్రై అనే వైరస్ వచ్చినప్పుడు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు పడ్డాయి. మన బరంపురంలో కూడా ఒక ప్రభుత్వ ఆసుపత్రి కంప్యూటర్ దెబ్బతిన్నట్టు అప్పట్లో పేపర్లలో వచ్చింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. ఇంకా విండోస్ 10 నడుపుతున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి... సగం మంది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. డబ్బు లావాదేవీలు జరిగే కంప్యూటర్ ఏదో దాన్ని ముందు మార్చండి, మిగతావి తర్వాత.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని రెండు రోజులు దాచితే డబ్బు కూడా పోతుంది. సంస్థ కంప్యూటర్ల మీద దాడి జరిగితే సెర్ట్-ఇన్‌కి, అంటే కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, ఆరు గంటల్లో తెలియజేయాలని 2022 ఏప్రిల్ ఆదేశం ఉంది. లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు ఉంచాలి. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచారాన్ని సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అంత మీకు వేస్తారని నేను అనడం లేదు. కస్టమర్ల ఫోన్ నంబర్లున్న నోటుపుస్తకాన్ని కంప్యూటర్‌లో ఎక్కించిన రోజునుంచి మీరూ ఆ చట్టం కిందికి వస్తారు, అది గుర్తుంటే చాలు.

ఇక మీరు అడగండి.

సభలోంచి ఒకరు: బాబూ, మా షాపు ఇక్కడ. డబ్బు పోయింది ఇచ్ఛాపురం బ్యాంకు ఖాతాలోంచి. ఇక్కడికెళితే అక్కడికెళ్లమన్నారు, అక్కడికెళితే ఇక్కడికి.

అర్థమైందండీ, మన దగ్గర అందరిదీ ఇదే గోల. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటారు, వాళ్లే సంబంధిత స్టేషన్‌కి పంపాలి. మీరు మాత్రం ముందు 1930, ఆ తర్వాత మీ బ్యాంకుకి రాతపూర్వకంగా, ఆ తర్వాత స్టేషన్. బ్యాంకుకి ఇచ్చిన కాగితం మీద టైముతో సహా స్టాంపు వేయించుకోండి. మీ తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెప్పినవాళ్లకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశం ఇచ్చింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, ఆ ఆదేశం ప్రకారం బ్యాంకుకి చెప్పేవరకు పోయింది మీ నష్టమే.

ఇంకొకరు: కెమెరా డీలర్ పాస్‌వర్డ్ ఇవ్వనంటున్నాడండీ. మారిస్తే వారంటీ పోతుందంటున్నాడు.

పాస్‌వర్డ్ మారిస్తే వారంటీ ఎందుకు పోతుందో రాసిమ్మనండి. రాసివ్వడు. బిల్లు మీ పేరు మీదుంది కదా? అయితే మీరే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, డీవీఆర్ సీరియల్ నంబరు చెప్పి, రీసెట్ ఎలా చేయాలో అడగండి. బిల్లు కూడా ఇంకొకరి పేరు మీదుంటే ముందు దాన్ని సరిచేయించుకోండి. కొత్త డీలర్‌తో మాట్లాడేటప్పుడు ఆఖరి చెల్లింపు పాస్‌వర్డ్ చేతికొచ్చాకే అని ముందే చెప్పండి. మన దగ్గర అన్నిటికంటే గట్టిగా పనిచేసే భద్రతా ఏర్పాటు ఇదే, ఆఖరి వాయిదా ఆపడం.

టీ వచ్చినట్టుంది. తాగాక వెళ్లిపోకండి, ఫోన్లు తెచ్చుకోండి. మెయిల్‌కి, వాట్సాప్‌కి రెండంచెల ధ్రువీకరణ ఎవరెవరికి లేదో వాళ్లకు ఆ మూల టేబుల్ దగ్గర మా పిల్లలు పెట్టిస్తారు. పిన్ మాత్రం మీరే కొట్టండి, వాళ్లకు కూడా చెప్పొద్దు.